బెత్తెడు దూరం

మైకు తలకు కట్టిన ఒక చేతిరుమాలు. తెల్లది, అంచు వెంట రెండు నీలం గీతలు. జారిపోకుండా రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పి బిగించేవారు. విజయనగరంలో గడిపిన తొమ్మిదేళ్లు తలచుకుంటే కోట కంటే, గంట స్తంభం కంటే ముందుగా ఆ రుమాలే నా కళ్ల ముందుకు వస్తుంది. నలుగురిలో నా సొంత మాట నేను మొదటిసారి మాట్లాడింది దాని ఎదుట నిలబడే.

2010 జూన్‌లో గంట్యాడ మండలంలోని ఒక బడికి తెలుగు టీచరుగా వచ్చాను. విజయనగరంలో ఇల్లు అద్దెకు తీసుకుని రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. అయ్యకోనేరుకు దగ్గరలో మా ఇల్లు. రెండు వీధుల అవతల ఒక రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ గారి మేడ ఉండేది. నెలలో ఒక ఆదివారం సాయంత్రం ఆ మేడ మీద నుంచి మైకులో మాటలు వినిపించేవి. ఏదో భజన మండలి అనుకునేదాన్ని. ఒక రోజు ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కాను. ఒక మగ గొంతు మిల్లు కూత గురించి చెబుతోంది. మిల్లు మూతపడి నాలుగు నెలలైనా తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తోందని, లేచి ఏం చేయాలో తెలియక పొయ్యి మీద నీళ్లు పెడుతున్నానని, ఆ నీళ్లు మరిగి మరిగి ఇగిరిపోయేదాకా చూస్తూ కూర్చుంటున్నానని ఆ గొంతు చెప్పింది. తరువాత చప్పట్లు. అది కవిత అని అప్పుడు తెలిసింది. బట్టలు చేతిలో పట్టుకుని చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను. మరుసటి నెల ఆ మేడ మెట్లు ఎక్కాను.

నెలలో రెండో ఆదివారం, సాయంత్రం ఐదున్నర. ముప్ఫై మందికి చాపలు, మోకాళ్ల నొప్పులున్న వారికి నాలుగు కుర్చీలు. ఇప్పుడు నగరాల్లో ఓపెన్ మైక్ అంటున్నారే, అది అదే, కాకపోతే ఆ పేరు మాకు తెలియదు. అసలు మా గుంపుకే పేరు లేదు. పేరు పెట్టుకుందామని మూడుసార్లు కూర్చున్నాం, మూడుసార్లూ వాదనలతోనే పొద్దుపోయింది. చివరకు 'రెండో ఆదివారం' అనడం అందరికీ అలవాటైపోయింది. 'ఈసారి రెండో ఆదివారానికి వస్తున్నారా?' అంటే చాలు, అర్థమయ్యేది.

ఆ మేడ యజమాని లెక్చరర్ గారిని అందరం మాస్టారు అనేవాళ్లం. ఆయన పెట్టిన పద్ధతులు కొన్ని ఉండేవి. ముఖ్య అతిథి ఉండడు. శాలువా ఉండదు, పూలదండ ఉండదు, వందన సమర్పణ ఉండదు. చదవాలనుకున్నవారు చీటీ మీద పేరు రాసి స్టీలు గిన్నెలో వేయాలి. ఎవరి చీటీ వస్తే వారు లేవాలి. కలెక్టరాఫీసులో పని చేసే ఆయనైనా, ఇంటరు చదివే పిల్లైనా గిన్నెలో ఒక్కటే. వీటన్నిటిలో గట్టిగా పట్టుబట్టేది ఒక్కదాని మీదే: చదివినవారు చివరిదాకా కూర్చుని మిగతా వారిని వినాలి. తన కవిత కాగానే చెప్పులు వేసుకునే అలవాటు మన సభల్లో ఎంతగా ఉందో తెలిసినవారికి ఆ పట్టుదల విలువ తెలుస్తుంది. ఒక పెద్దాయన అలా లేచి వెళ్లిపోతే, మరుసటి నెల ఆయన చీటీ వేయబోతుండగా మాస్టారు గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, 'ఈ నెల మీరు వినండి బాబూ' అన్నారు. ఆయన విన్నారు. ఆ తరువాత ఎప్పుడూ మానలేదు కూడా.

ముప్ఫై మందికి మైకు ఎందుకని నేనే అడిగాను. 'గొంతు పెద్దగా ఉన్నవాడిదే సభ కాకూడదమ్మా' అన్నారు మాస్టారు. ఆ మాట నాకు ఒక అంగన్‌వాడీ టీచరును చూశాక అర్థమైంది. పక్కన కూర్చుంటే తప్ప ఆమె మాట వినపడేది కాదు. మైకులో మాత్రం ఆ సన్నని గొంతు మేడ చివరన ఉన్న నీళ్ల ట్యాంకు దాకా వెళ్లేది. పిల్లలకు పెట్టే కోడిగుడ్డును నలుగురికి ఎలా పంచాల్సి వచ్చిందో ఆమె చెప్పినప్పుడు, కింద వీధిలో సైకిల్ మీద వెళ్తున్న మనిషి ఆగి పైకి చూశాడు.

మైకు బాబాయిది. అందరం ఆయన్ను బాబాయి అనే పిలిచేవాళ్లం, మాస్టారుతో సహా. మూడు లాంతర్ల కూడలి దగ్గర చిన్న కొట్టు, మైకు సెట్లు అద్దెకిచ్చేవారు. పెళ్లిళ్లకు, వినాయక చవితి పందిళ్లకు, ఎన్నికల ఆటోలకు. మాకు మాత్రం డబ్బు తీసుకోకుండా తెచ్చేవారు. అయితే ఆ రోజు ముహూర్తం ఉండకూడదు. మాఘమాసం, శ్రావణమాసం వస్తే మాకు మైకు దొరకడం కష్టమయ్యేది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి తప్పకుండా దొరికేది.

రుమాలు ఎందుకు కడతారో నాకు చెప్పింది ఆయనే. మాట్లాడేటప్పుడు కొన్ని అక్షరాలకు నోట్లోంచి గాలి విసురుగా వస్తుంది. ఆ గాలి మైకు లోపలి పల్చటి రేకును కొడితే 'భుస్'మని శబ్దం వస్తుంది. పెదవులు కలిపి విడిచే అక్షరాలకు ఇది ఎక్కువ. వాటికి ఒత్తు తోడైతే మరీను. భ అన్నా ఫ అన్నా పాము బుస కొట్టినట్టే. అందుకే రుమాలు. అందుకే మైకుకూ నోటికీ మధ్య బెత్తెడు దూరం. ప్రతి కొత్త మనిషి దగ్గరికీ వెళ్లి నాలుగు వేళ్లు కలిపి మైకుకూ గడ్డానికీ మధ్య పెట్టి కొలిచేవారు. 'ఇది మైకు కాదమ్మా, చెవి అనుకోండి. చెవిలో ఎవరైనా అరుస్తారా?' అనేవారు. చెప్పి వెళ్లి యాంప్లిఫయర్ పక్కన గొంతుక్కూర్చుని మీటల మీద రెండు వేళ్లు ఆనించి ఉంచేవారు. భయపడుతున్నవారి గొంతు ఆయన వేళ్లకు తెలిసేది. వారు వణకడం మాకు వినిపించకముందే మీట కొంచెం తిరిగేది.

2011 ఫిబ్రవరిలో నా చీటీ వచ్చింది. రైతు మీద రాసిన కవిత. ధరిత్రి ఉంది, ఘర్మజలం ఉంది, విభాతం ఉంది, ఫలసాయం ఉంది. బెత్తెడు దూరంలోనే నిలబడ్డాను, రుమాలూ ఉంది. అయినా మైకు అడుగడుగునా బుస కొట్టింది. చప్పట్లు మర్యాదగా వచ్చాయి. తరువాత టీ తాగుతుంటే మా అమ్మ ఫోను చేసింది. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. అమ్మతో మాట్లాడితే నాకు ఆ ఊరి మాటే వస్తుంది. మడికి నీరు వదిలారా, ఆవు ఈనిందా, చోడి పిండి ఆడించావా, అలాంటివేవో మాట్లాడుకున్నాం. ఫోను పెట్టేసరికి బాబాయి వైరు చుట్టుకుంటూ నా వైపే చూస్తున్నారు. 'టీచరమ్మా, ఇందాక మైకు దగ్గర మాట్లాడింది మీరేనా? ఇప్పుడు మాట్లాడిన మాటకైతే నా మైకు ఉలిక్కిపడదు' అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి కూడా తగ్గలేదు. చదువుకున్నదాన్ని, తెలుగులో పి.జి. చేసినదాన్ని, మైకు సెట్టు ఆయన చెబితే వినాలా అనుకున్నాను. ఆ కోపం దిగిందెలాగో చెప్పాలంటే ఒక ఎనిమిదో తరగతి పిల్ల నోటు పుస్తకం గురించి చెప్పాలి.

జులైలో, బళ్లు తెరిచిన కొత్తలో, 'మా ఇల్లు' గురించి పది వాక్యాలు రాయమన్నాను. ఒక పిల్ల మొదటి వాక్యంలోనే 'మా అమ్మ ఉబాలకు వెళ్లింది' అని రాసింది. మా ఉత్తరాంధ్రలో వరినాట్లను ఉబాలు అంటారు. పత్రికల వాళ్లు 'ఉభాలు' అని ఒత్తు పెట్టి అచ్చు వేస్తారు గాని పొలంలో ఎవరూ ఒత్తరు. నేను ఎర్ర కలంతో ఆ మాట కొట్టేసి పైన 'వరినాట్లకు' అని రాశాను. మరుసటి రోజు ఆ పిల్ల దిద్దిన వాక్యాన్ని మూడుసార్లు రాసుకుని తెచ్చింది. ఏమీ అడగలేదు. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం పల్చబడి అవతలి వైపు అక్షరాలు కనిపిస్తున్నాయి. ఎరుపు గీత మాత్రం పోలేదు.

మా అమ్మ కూడా నలభై ఏళ్లు ఉబాలకే వెళ్లింది. ఆమె నోట వరినాట్లు అన్న మాట నేను ఏనాడూ వినలేదు. తెలుగు భాషా దినోత్సవం అని ప్రతి ఆగస్టు 29న బడిలో పిల్లల్ని వరుసలో నిలబెట్టి గిడుగు రామమూర్తి గారి గురించి ఉపన్యాసం చెబుతాను. శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టి, జనం మాట్లాడే మాటే పుస్తకంలోకి రావాలని జీవితమంతా పోరాడిన మనిషి. తెలుగుతో ఆగక కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిన మనిషి. ఉదయం ఆయనకు దండ వేసి మధ్యాహ్నం ఆయన నేల మీది పిల్లల మాటల్ని ఎర్ర కలంతో కొట్టేస్తున్నాను. నేను ఉంటున్న ఊరేమిటి? 1892లో కన్యాశుల్కాన్ని మొట్టమొదట ఆడించిన ఊరు. గురజాడ వారి ఇంటి ముందు నుంచే బస్సు కోసం నడిచి వెళ్లేదాన్ని. ఆ పిల్లను పిలిచి, 'నువ్వు రాసిందే సరైన మాట, నేనే తప్పు దిద్దాను' అని చెప్పాను. ఆ పిల్ల నమ్మినట్టు లేదు. టీచరు తప్పు ఒప్పుకోవడం ఆ పిల్ల అంతకు ముందు చూసి ఉండదు.

ఆ జులై రెండో ఆదివారం, ఆషాఢం కాబట్టి మైకు ఉంది. అమ్మ మీద రాసిన చిన్న కవిత చదివాను. నాట్లు వేసేవారు నారు గుచ్చుతూ వెనక్కి జరుగుతారు, ముందుకు నడిస్తే వేసిన మొక్కను తొక్కినట్టే. అందులో మూడు పాదాలు ఇవి:

ఉబాల వేళ బురద మడిలో
అమ్మ వెనక్కి నడిచిన మేరంతా
పచ్చగా ఉంది.

మైకు ఒక్కసారి కూడా బుస కొట్టలేదు. చదవడం అయ్యాక చప్పట్లు వెంటనే రాలేదు. బాగోలేదేమో అనుకుని కాగితం మడుస్తున్నాను. అంగన్‌వాడీ టీచరు చాప మీద నుంచే అడిగారు: 'మీ అమ్మగారికి కాలి వేళ్ల సందులు పుళ్లు పడేవా?' పడేవన్నాను. 'మా అమ్మ పసుపూ నూనే కలిపి రాసుకునేది' అన్నారామె. 'మా అమ్మా అంతే' అన్నాను. ఆ తరువాత చప్పట్లు కొట్టారో లేదో నాకు గుర్తు లేదు. బాబాయి మీట మీద వేళ్లు తీసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉండటం మాత్రం గుర్తుంది.

మాతో పాటు సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకునే ఒక అబ్బాయి వచ్చేవాడు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలుగా మొదలైన కళాశాల అది. అక్కడికి విద్యార్థిగా చేరాలని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విని, ఏకంగా అధ్యాపకుడిగానే వేసుకున్నారన్న కథ ఆ అబ్బాయి ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాడు. వచన కవిత అందరూ అనుకున్నట్టు తాళం లేనిది కాదని వాడి పట్టుదల. ఎవరైనా చదువుతుంటే తొడ మీద వేళ్లతో నెమ్మదిగా వేసి చూసుకునేవాడు. నా ఉబాల కవిత మిశ్రగతిలో, అంటే ఏడు మాత్రల నడకలో, నడిచిందని వాడు చెప్పేదాకా నాకు తెలియదు. నారు గుచ్చే చేతికి ఒక లయ ఉంటుంది, అది నాకు తెలియకుండా వచ్చి ఉండాలి.

2014 అక్టోబరులో రెండో ఆదివారం పన్నెండో తేదీన వచ్చింది. ఆ తేదీ చెబితే మా వైపు వారికి ఇంకేమీ చెప్పక్కరలేదు. పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగి వారం కూడా కాలేదు. మధ్యాహ్నానికి హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మేము చీటీలు వేయాల్సిన వేళకు వీధిలో వేపచెట్లు పడి ఉన్నాయి. కరెంటు స్తంభాలు వంగిపోయాయి. మాస్టారి మేడ మీది రేకుల నీడ ఎగిరి రెండిళ్ల అవతల పడింది. ఊరంతా చీకటి. ఫోన్లు లేవు. మంచినీళ్ల కోసం బిందెలు పట్టుకుని తిరిగాం.

తరువాతి ఆదివారం, ఎవరూ ఎవరికీ చెప్పలేదు గాని, ఐదున్నరకు పదిహేను మందిమి ఆ మేడ మీదికి చేరాం. మా వీధికి ఇంకా కరెంటు రాలేదు. ఒక లాంతరు, రెండు కొవ్వొత్తులు. బాబాయి కూడా వచ్చారు, చేతులు ఊపుకుంటూ. యాంప్లిఫయర్ లేకుండా ఆయన్ను చూడటం అదే మొదలు. ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు కాసేపు మెట్ల దగ్గరే నిలబడి, చివరకు మా మధ్య చాప మీద కూర్చున్నారు. ఆ రోజు కవితలు ఎవరూ తేలేదు. ఎవరింటి పైకప్పు పోయిందో, ఎవరి కొబ్బరిచెట్టు ఎటు పడిందో మాట్లాడుకున్నాం. అలవాటు కొద్దీ మాస్టారు గిన్నె పెట్టారు. అందులో ఒకే ఒక్క చీటీ పడింది. తీస్తే అది ఖాళీ. 'ఎవరిది?' అన్నారు మాస్టారు. 'నాదే. నాకు రాయడం సరిగా రాదు' అన్నారు బాబాయి.

వాళ్ల నాన్న జముకుల కథ చెప్పేవారట. అన్నేళ్లుగా ఆయన మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. జముకు అంటే ఒక చివర తోలు బిగించిన గుండ్రటి పాత్ర. తోలు మధ్యలోంచి లాగిన నరాన్ని బిగిస్తూ, వదులుతూ మీటితే 'జముకు జముకు' అని పలుకుతుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అమ్మవారి కథలు రాత్రంతా దాని మీదే చెప్పేవారు. బాబాయి దగ్గర జముకు లేదు. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి చంకలో పెట్టుకుని, కుడి చేత్తో లేని నరాన్ని మీటుతూ, నోటితోనే ఆ శబ్దం చేస్తూ ఎల్లమ్మ కథలో ఒక ముక్క ఎత్తుకున్నారు. అరగంట పాడారు. లాంతరు వత్తి తగ్గిపోతున్నా ఎవరూ లేచి పెంచలేదు. మృదంగం అబ్బాయి తొడ మీద వేళ్లు ఆపేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మైకు లేకుండా ఆ గొంతు వీధి చివరకు వెళ్లింది. కింద చీకట్లో మనుషులు పోగయ్యారని పాట ఆగాక గాని తెలియలేదు. 'మా నాన్నకు మైకు ఉండేది కాదమ్మా. అందుకే నేను ఈ వ్యాపారంలోకి వచ్చాను. ఆయన చివర్లో గొంతు పోగొట్టుకున్నాడు' అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది.

మరుసటి ఏడాది మేమంతా ఒక ఆదివారం రైలెక్కి శ్రీకాకుళం వెళ్లి కథానిలయం చూసి వచ్చాం. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒక్క చోట చేర్చాలని కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న తెరిచిన ఇల్లు అది. బీరువాల నిండా పాత పత్రికలు, ముట్టుకుంటే పొడిగా రాలే అంచులు. తిరుగు రైల్లో అంగన్‌వాడీ టీచరు, 'కథలకు ఇల్లుంది. మనం మైకులో చదివినవి ఎక్కడుంటాయి?' అని అడిగారు. ఎవరి దగ్గరా సమాధానం లేదు. మేము ఏవీ రికార్డు చేయలేదు. చాలామంది చదివాక కాగితం మడిచి జేబులో పెట్టుకుని మరిచిపోయేవారు.

మాస్టారి మనవరాలు బెంగళూరులో ఉద్యోగం చేసేది. 2016 వేసవిలో వచ్చినప్పుడు 'తాతగారూ, మనం స్లామ్ పెడదాం' అంది. స్లామ్ అంటే కవితలు చదివే పోటీ. ఆ పిల్ల చెబితేనే మాకు తెలిసింది, అమెరికాలో షికాగో నగరంలో మార్క్ స్మిత్ అనే ఆయన, ఇళ్లు కట్టే పనుల్లో బతికిన మనిషి, 1980లలో దీన్ని మొదలుపెట్టాడట. 1986 నుంచి గ్రీన్ మిల్ అనే చోట ఆదివారం ఆదివారం జరిగేదట. ఆదివారం అనగానే మా వాళ్లందరికీ ఆ మనిషి మీద అభిమానం పుట్టింది. వినడానికి వచ్చినవారిలోంచే ఐదుగురిని న్యాయనిర్ణేతలుగా ఎంచుతారు. వారు కవులూ పండితులూ కానక్కరలేదు. సున్నా నుంచి పది దాకా మార్కులు. అన్నిటికంటే ఎక్కువ వేసిన ఒకటి, అన్నిటికంటే తక్కువ వేసిన ఒకటి తీసేసి మిగతా మూడు కలుపుతారు. మూడు నిమిషాలు దాటితే మార్కులు కోత. వేషాలు, వాద్యాలు కుదరవు.

సభలో నిలబడి కవిత్వాన్ని పరీక్షకు పెట్టడం మనకు కొత్త కాదు. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని సమస్యలిచ్చి, దత్తపదులిచ్చి, మధ్యలో అప్రస్తుత ప్రసంగంతో అవధానిని కుదిపే విద్య మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఈ ఊరి నారాయణదాసు గారే అవధానాలు చేసినవారు. కాని అక్కడ పృచ్ఛకుడు పండితుడై ఉండాలి. ఇక్కడ వీధిలో వెళ్లేవాడి చేతికి పలక ఇస్తున్నారు. ఆ తేడా మాస్టారికి ఎంతో నచ్చింది. నాకూ నచ్చింది, కొంచెం భయంతో.

చీటీలు తీస్తే వచ్చిన ఐదుగురిలో మాకు మురీ మిక్చర్ తెచ్చే బండి ఆయన ఒకరు. బడి నుంచి నేను పలకలు తెచ్చాను. మొదటి కవితకు ఆయన పలక మీద పది వేశారు. రెండోదానికీ పది. ఎవరు ఏం చదివినా పదే. రూలు ప్రకారం అన్నిటికంటే ఎక్కువ మార్కు తీసేయాలి కాబట్టి ప్రతిసారీ ఆయన పదే ఎగిరిపోతోంది. ఆ పిల్ల ఇబ్బందిగా, 'అంకుల్, మీ మార్కులు లెక్కలోకి రావడం లేదు' అని చెప్పింది. 'రాకపోతే పోనీ అమ్మా. పగలంతా పని చేసుకుని వచ్చి లోపలి మాట చెప్పుకుంటున్నారు. దానికి తక్కువ వేసే చెయ్యి నాకు లేదు' అన్నారాయన.

మిల్లు ఆయన చదవడం మొదలుపెట్టారు. ఐదారేళ్ల కిందట మా డాబా మీద నుంచి విన్న ఆ గొంతే. కొడుకు పని వెతుక్కుంటూ చెన్నై రైలెక్కిన రాత్రి గురించి రాశారు. మూడు నిమిషాలకు గంట కొట్టే పని మృదంగం అబ్బాయిది. మూడు అయింది, నాలుగు అయింది. స్టేషనులో రైలు కదిలాక ఆయన దానితో పాటు ఎంత దూరం నడిచారో ఒక్కొక్క పెట్టె లెక్కపెట్టుకుంటూ చెబుతున్నారు. జనరల్ పెట్టె ముందే వెళ్లిపోయిందట, అయినా చివరి పెట్టె దాటేదాకా నడిచారట. మేమంతా ఆ అబ్బాయి చేతిలోని గంట వైపే చూస్తున్నాం. వాడు గంట నాలుకను రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని ఉన్నాడు, పొరపాటున కూడా మోగకుండా. ఆ ఆట అంతటితో ఆగిపోయింది, ఎవరూ గెలవలేదు. ఆ పిల్ల మాత్రం బెంగళూరు వెళ్లాక తాతగారికి ఉత్తరం రాసింది, కాగితం మీద, తెలుగులో. మాస్టారు దాన్ని చదివి వినిపించారు. మార్కులు ఉంటే అందరూ ఇంత శ్రద్ధగా వింటారని తాను అనుకునేదాన్నని, మార్కులు మరిచిపోయేంతగా వినడం అక్కడ చూశానని అందులో ఉంది.

తిత్లీ తుపాను వచ్చింది 2018 అక్టోబరు 11న. మాకు పెద్దగా దెబ్బ తగలలేదు, శ్రీకాకుళం వైపు తోటల సీమ ఉద్దానం పోయింది. నవంబరులో పలాస వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చి చీటీ వేశాడు. జీడిచెట్లు, కొబ్బరిచెట్లు, పనసచెట్లు. వాళ్ల తోటలో పడిపోయిన చెట్లను వరుసగా, ఏది ఎవరు నాటారో, ఏది ఏ పెళ్లికి పూచీగా నిలిచిందో చెప్పాడు. అంతే, ఉపమానం ఒక్కటి లేదు. ముత్తాత నాటిన పనస దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. బాబాయి మీట తిప్పలేదు. లేచి వెళ్లి వాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆ కుర్రాడు మిగతా చెట్లు కూడా చెప్పి దిగాడు.

2019లో బదిలీ మీద మా ఊరి దగ్గరికి వచ్చేశాను, అమ్మకు ఒంట్లో బాగుండటం లేదు. అయినా రెండో ఆదివారం వస్తే చీపురుపల్లిలో రైలెక్కేదాన్ని. 2020 మార్చి 8 చివరిది. మహిళా దినోత్సవం అని ఆ రోజు గిన్నెలో ఆడవాళ్ల చీటీలే వేశారు. రెండు వారాలకు అన్నీ మూతపడ్డాయి. తరువాత మాస్టారు హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. మేడ అమ్మేశారు. మిల్లు ఆయన కొడుకు దగ్గర చెన్నైలో ఉన్నారట. మృదంగం అబ్బాయి ఎక్కడో సంగీతం మాస్టారు అయ్యాడని విన్నాను. అమ్మ 2022 చలికాలంలో పోయింది.

2023లో సిరిమానుకు వెళ్లి, తిరుగుదారిలో జనాన్ని తప్పించుకుంటూ మూడు లాంతర్ల వైపు నడిచాను. కొట్టు ఉంది. కొడుకు నడుపుతున్నాడు, ఇప్పుడంతా మనిషెత్తు నల్ల బాక్సులు. బాబాయి వెనక గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. చూపు తగ్గింది. మాట వినగానే 'ఉబాల టీచరమ్మా!' అన్నారు. అమ్మ పోయిందని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, ఎడమ చెయ్యి పిడికిలి చంకలో పెట్టుకున్నారు. నేను పన్నెండేళ్ల కిందట ఒక్కసారి చదివిన కవితను మొదటి నుంచి చివరిదాకా, పక్కన ఎవరో ఉన్నట్టు బెత్తెడు దూరంలో చెప్పే గొంతుతో, చెప్పారు. ఒక్క మాట మాత్రం నాది కాదు. బురద మడి అని నేను రాసిన చోట ఆయన 'దమ్ము మడి' అన్నారు.

సరిదిద్దబోయి ఆగాను. బురద అంటే వాన పడితే వీధిలోనూ అవుతుంది. నీరు పెట్టి, దున్ని, చదును చేసి, చెయ్యి దిగడానికి సిద్ధం చేసిన నేలను మా అమ్మ ఏనాడూ బురద అనలేదు, దమ్ము అనే అంది. ఇన్నేళ్లూ నా కవితలో అమ్మ నిలబడిన నేల పేరే తప్పుగా ఉంది. 'మీరు అలాగే చదివారు కదమ్మా?' అన్నారు బాబాయి. అవునన్నాను.

రాత్రి పదిన్నరకు ఇల్లు చేరి, బీరువాలోంచి పాత నోటు పుస్తకం తీశాను. ఎర్ర కలం కోసం బడి సంచీ వెతికాను.